మెట్టనేల నుంచి నీటి మీదికి

కనిగిరిలో పడవ సామెతల్లో వినబడుతుంది గాని కంటికి కనబడదు. ‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య’ అని పెద్దలు అంటూంటే, దాటవలసిన ఆ ఏరు ఎక్కడుందో పిల్లలకు తెలియదు. ఇది మెట్టసీమ. బోరు నీటిలోని ఫ్లోరైడ్ పళ్లకు గారపట్టించి, ఎముకలను వంచిన నేల. తాగునీటి కోసం ఎదురుచూడటం ఇక్కడి ఇల్లాళ్లకు దినచర్యలో భాగం. ఇటువంటి ఊరి నుంచి ఒక కుటుంబం పడవ విహారానికి బయలుదేరాలనుకుంటే ఒకప్పుడు నవ్వేవారు. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. సెలవులు రాగానే పిల్లలు ఫోనులో కయాక్ బొమ్మ చూపించి ‘అబ్బా, మనమూ వెళ్దామా?’ అని అడుగుతున్నారు.

అడగడంలో తప్పు లేదు. సృష్టిలోని అందాన్ని చూసి కృతజ్ఞతతో తిరిగిరావడం మంచి పనే. అయితే నీటి పక్కన పెరిగినవారికి పుట్టుకతో వచ్చే భయభక్తులు మెట్టవారికి ఉండవు. తీరగ్రామంలో పిల్లవాడు అలను చూసి వెనక్కి తగ్గుతాడు. మన పిల్లవాడు నీటిని చూసి ముందుకు పరుగెడతాడు. అందుకే ఈ ప్రయాణం బండి కుదుర్చుకోవడంతో మొదలు కాకూడదు. మన చుట్టూ ఉన్న నీళ్లేమిటో, అవి ఎప్పుడెలా ఉంటాయో తెలుసుకోవడంతో మొదలుకావాలి.

మన దగ్గరి నీళ్లు

పశ్చిమ ప్రకాశంలో పేరున్న నది గుండ్లకమ్మ. నల్లమల అడవిలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, కంభం చెరువును నింపి, మార్కాపురం ప్రాంతం మీదుగా, అద్దంకి పక్కగా సాగి, ఒంగోలుకు సమీపాన సముద్రంలో కలుస్తుంది. ఏడాదిలో చాలా నెలలు ఇది ఇసుక మీద సన్నని పాయ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాటితోపాటు వచ్చే తుపానులు దీన్ని ఒక్క రాత్రిలో మరో నదిగా మార్చివేస్తాయి. కనిగిరికి దక్షిణాన పామూరు దగ్గర మన్నేరు మీద బ్రిటిషు పాలనలో నిర్మించిన మోపాడు జలాశయానిదీ అదే స్వభావం. వాన పడితే నిండుతుంది, పడకపోతే పగుళ్లు తేలుతుంది.

వీటన్నిటిలో చూడదగినది కంభం చెరువు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకూ జంపలేరుకూ అడ్డంగా కట్టిన ఈ కట్ట విజయనగర కాలం నాటిది. వరదరాజమ్మ అనే రాణి కట్టించిందని ప్రాంతీయ కథనం. కట్ట ఎత్తు సుమారు 57 అడుగులు. ఆసియాలోని పాత మానవనిర్మిత జలాశయాలలో ఇదొకటి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగుపారుదల సంస్థ దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. నిండిన ఏడాది డిసెంబరు చివరన కట్ట మీద నిలబడితే, కొండల నీడ నీటిలో పడి, ఇది కరువుసీమ అంటే నమ్మబుద్ధి కాదు.

కయాక్ అనేది ఆర్కిటిక్ ప్రాంతపు వేటగాళ్లు తోలుతో చేసుకున్న సన్నని పడవ. కాళ్లు చాచి కూర్చొని, రెండు కొసలా ఆకులున్న తెడ్డుతో నడుపుతారు. కనో పైభాగం తెరిచి ఉంటుంది, తెడ్డుకు ఆకు ఒకటే. మన దోనెకు అది దగ్గరి చుట్టం. రెండూ తేలిక పడవలే. పెద్ద లాంచీలో ఒకరు లేచి నిలబడితే ఏమీ కాదు. వీటిలో లేచి నిలబడితే పడవ బోర్లపడుతుంది. కొత్తవారు నేర్చుకోవలసిన చోటు నిలకడగా ఉన్న నీరు మాత్రమే. పారే గుండ్లకమ్మ వారికి తగదు, అందులోనూ వానల గుండ్లకమ్మ ఎవరికీ తగదు.

ఆ నది పై భాగం అభయారణ్యంలో ఉంది, అటవీశాఖ అనుమతి లేనిదే అటు పోకూడదు. కింది భాగంలో ఇసుక తీసిన గుంతలు మోకాలి లోతు నీటి పక్కనే మనిషి లోతులో పొంచి ఉంటాయి. మల్లవరం దగ్గరి గుండ్లకమ్మ జలాశయంలో 2022లో ఒక గేటు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను తరువాత మరొకటి కొట్టుకుపోయాయి. ఎగువన ఆనకట్టో గేటో ఉన్న నదిలో, ఆకాశం నిర్మలంగా ఉన్నా నీరు హఠాత్తుగా పెరగవచ్చునని ఆ సంఘటనలు మనకు చెబుతున్నాయి.

మరచిపోకూడని రెండు తేదీలు

2017 నవంబరు 12, ఆదివారం. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణానదిలో, పవిత్ర సంగమం చేరబోతున్న పడవ తలకిందులైంది. 20 మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు ఒంగోలు నుంచి వెళ్లినవారు, అప్పటికి మన జిల్లావారు. ఆ పడవకు అక్కడ నడిచే అనుమతి లేదు. పరిమితికి మించి ఎక్కించారు. ఎక్కినవారికి లైఫ్ జాకెట్లు ఇవ్వలేదు. అది తుపాను కాదు, వరద కాదు. గట్టు కనబడుతున్న దూరంలో జరిగిన ప్రమాదం.

2019 సెప్టెంబరు 15, మళ్లీ ఆదివారమే. గోదావరిలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పారుతున్న రోజున పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ట అనే లాంచీ కచ్చులూరు దగ్గర మునిగింది. 26 మంది మాత్రం బతికి బయటపడ్డారు. వారిని కాపాడినది ఒడ్డున ఉన్న గిరిజన గ్రామస్థులు, వారి చిన్న పడవలు. లోతున పడి ఉన్న లాంచీని కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న వెలికితీసింది.

ఈ రెండింటినీ కలిపి చూస్తే కుటుంబ పెద్ద అడగవలసిన ప్రశ్నలు వాటంతట అవే తేలతాయి. ఈ పడవకు అనుమతి ఉన్నదా? ఎంతమందికి అనుమతి, ఎక్కుతున్నది ఎంతమంది? ప్రతి మనిషికీ, పసిబిడ్డతో సహా, ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్ ఉన్నదా? ఈ రోజు నీటి ఉధృతి ఎంత? ఒడ్డున ఆదుకొనే పడవ ఉన్నదా? ఈ అయిదింటిలో ఒక్కదానికి జవాబు దొరకకపోయినా, ఇచ్చిన డబ్బు వదులుకొని వెనక్కి తిరగడమే వివేకం. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో వచ్చిన అంతర్గత జలనౌకల చట్టం యాంత్రిక పడవలకు రిజిస్ట్రేషనునూ, తనిఖీ పత్రాన్నీ, ప్రాణరక్షణ సామగ్రినీ తప్పనిసరి చేసింది. యంత్రం లేని పడవలను కూడా లెక్కలోకి తెచ్చింది. ఆ పత్రం చూపమని అడగడం ప్రయాణికుని హక్కు. ‘ఇంతమంది ఎక్కారు కదా, మనకేమవుతుంది’ అనే మాట ఆ రెండు ఆదివారాలలోనూ ఎవరో ఒకరి నోట వచ్చే ఉంటుంది.

బావులతోపాటు పోయిన ఈత

ఒక తరం క్రితం మన పల్లెల్లో పిల్లలు దిగుడుబావుల్లో ఈత నేర్చేవారు. నడుముకు బెండ్లు గాని, ఎండిన సొరకాయ బుర్ర గాని కట్టి, తాడు పట్టుకొని మామయ్యో పెదనాన్నో గట్టు మీద నిలబడేవారు. వేసవి అయ్యేసరికి బెండ్లు ఊడేవి, ఈత మిగిలేది. తరువాత బోర్లు వచ్చాయి. భూగర్భజలం పాతాళానికి దిగింది. బావులు ఎండాయి, కొన్నింటిని చెత్తతో పూడ్చారు. నీరు పోయిన సంగతి అందరికీ తెలిసింది. నీటితోపాటు ఈత కూడా పోయిందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. వాన పడిన ఏడాది చెరువు నిండగానే, ఈత రాని పిల్లలు నిండు నీటి దగ్గరకు వెళుతున్నారు. పొలంకుంటలు, క్వారీ గుంతలు మనకు మరింత దగ్గరలో ఉన్న ప్రమాదాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీటమునిగి మరణించారు. వారిలో పసిపిల్లల వాటా పెద్దది. ఐక్యరాజ్యసమితి జూలై 25ను నీటమునక నివారణ దినంగా ప్రకటించింది. పిల్లలకు ఈత నేర్పమనే హితవు మన ధార్మిక సంప్రదాయంలో తరతరాలుగా ప్రచారంలో ఉన్నదే. పడవ విహారానికి అయ్యే ఖర్చులో కొంత ముందుగా ఈతకు వెచ్చిస్తే ఆ హితవును పాటించినట్టవుతుంది. ఒంగోలు, విజయవాడ వంటి నగరాలలో బంధువులుంటే వేసవి సెలవుల్లో ఒక నెల అక్కడి ఈతకొలనులో నేర్పించవచ్చు. ఆడపిల్లలను ఈ విషయంలో వెనక్కి నెట్టడం సరికాదు. మహిళా శిక్షకురాలు, వేరు సమయం ఉన్నచోటు వెతికితే దొరుకుతుంది. మునిగే నీటికి ఆడ, మగ భేదం లేదు.

బయలుదేరే ముందు

కనిగిరి కుటుంబం తొలిసారి నీటి మీదికి వెళ్లదలచినప్పుడు మూడు మెట్లుగా ఆలోచించడం మంచిది. మొదటి మెట్టు లాంచీ ప్రయాణం. నాగార్జునసాగర్ నుంచి నాగార్జునకొండ ద్వీపానికి పర్యాటకశాఖ నడిపే లాంచీ ఇందుకు తగినది. పిల్లలకు చరిత్ర పాఠమూ అవుతుంది, నీటి మీద ఎలా కూర్చోవాలో తెలుస్తుంది. రెండవ మెట్టు, శిక్షకుడూ కాపలా పడవా ఉన్నచోట గంటసేపు కయాక్ నేర్చుకోవడం. కంభం వంటి పెద్ద చెరువు మీద తెడ్డు పట్టడం మూడవ మెట్టు. అది మొదటి రెండూ ఎక్కినవారికే.

కంభం చెరువులోకి దిగాలంటే ముందుగా జలవనరుల శాఖ స్థానిక కార్యాలయంలో అడగాలి. తరువాత చెరువు మీద బతికే మత్స్యకారులతో మాట్లాడాలి. వలలు ఎక్కడ కట్టి ఉన్నాయో, ఏ మూల ముళ్లచెట్లు మునిగి ఉన్నాయో, గాలి ఏ వేళకు లేస్తుందో వారికి తెలిసినట్టు ఏ పటానికీ తెలియదు. ‘అన్నా, ఈ రోజు నీటి మీదికి పోవచ్చునా?’ అని మర్యాదగా అడిగి, ‘వద్దు’ అంటే వినాలి. అయితే వారి చేపల పడవను బతిమాలి పదిమందిమి ఎక్కడం మాత్రం వద్దు. అది ఒకరిద్దరి కోసం, వల కోసం చేసినది.

కాలం విషయానికి వస్తే డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలం. తుపానులు తగ్గుతాయి, నీరు నిలకడగా ఉంటుంది, ఎండ ఓర్చుకొనేటట్టు ఉంటుంది. బయలుదేరే ముందురోజు, బయలుదేరే ఉదయం వాతావరణశాఖ హెచ్చరికలు చూడాలి. ఆ రోజుల్లో సూర్యాస్తమయం 6 గంటల ప్రాంతంలోనే. ఫజ్ర్ తరువాత బయలుదేరి, నీటి మీద గడిపే సమయాన్ని ఉదయం 11 గంటల లోపు ముగించుకుంటే గాలి లేవకముందే ఒడ్డు చేరవచ్చు. జుహర్ నమాజు గట్టు మీద నింపాదిగా చదువుకోవచ్చు. నమాజు వేళకు తొందరపడి తెడ్డు వేయవలసిన అవసరం రాకుండా ఏర్పాటు చేసుకోవడం కూడా భద్రతలో భాగమే. వుజూ కోసం పాచిపట్టిన రాతిమెట్లు దిగకుండా, సీసాలో నీళ్లు వెంట ఉంచుకోవాలి.

ఇంటి దగ్గర ఉండేవారికి ఒక కాగితం రాసి ఇవ్వాలి. ఎవరెవరు వెళుతున్నారు, ఏ గట్టు నుంచి దిగుతున్నారు, ఎన్ని గంటలకు ఫోను చేస్తారు అన్నవి అందులో ఉండాలి. చెప్పిన వేళకు అరగంట దాటినా ఫోను రాకపోతే 112కు చెప్పమని ఆ కాగితం మీదే రాయాలి. నానీ చేతికి ఇచ్చిన ఆ కాగితం ఖరీదైన ఏ పరికరానికీ తీసిపోదు.

ఉడుపుల గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. తడిసిన బురఖా, జారే దుపట్టా, పొడవైన లుంగీ కాళ్లకు చుట్టుకుంటాయి. మర్యాదకు లోటు లేని విధంగా ఒంటిని కప్పుతూనే, కాలు కదలనిచ్చే సల్వార్, మోకాళ్ల దాకా ఉండే కమీజు, పిన్నులతో బిగించిన తలగుడ్డ వేసుకోవచ్చు. లైఫ్ జాకెట్ అన్ని బట్టల పైన ఉండాలి. దుపట్టా కింద దాచినది, చీర మీద వదులుగా వేసినది ఆపదలో పనికిరాదు. జాకెట్ సరిపోయిందో లేదో చూడటానికి భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగాలి. అది గడ్డం దాటి చెవుల దాకా వస్తే పెద్దదన్నమాట. చిన్నపిల్లల జాకెట్‌కు కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ తప్పక బిగించాలి. గాలి నింపిన ట్యూబు, ఆటబొమ్మ ఉంగరం లైఫ్ జాకెట్ కావు.

నీటి మీద

పడవలోకి దిగేటప్పుడు వంగి, నడిమధ్యన అడుగు వేసి, వెంటనే కూర్చోవాలి. ఫొటో కోసం అందరూ ఒకే పక్కకు వాలకూడదు. పిల్లవాడున్న ప్రతి పడవలో ఈత వచ్చిన పెద్దవారు ఒకరుండాలి. ఒంటరి పడవ వద్దు, కనీసం రెండు పడవలు కేక వినబడేంత దూరంలో సాగాలి. మొదట గాలికి ఎదురుగా వెళ్లాలి. అప్పుడు అలసిన చేతులకు తిరుగు ప్రయాణంలో గాలి తోడవుతుంది. చెరువు నడిమధ్యకు పోవాలన్న కోరిక మాని, గట్టు వెంట సాగడం మేలు. కట్టకున్న తూముల దగ్గరికి, అలుగు దగ్గరికి వెళ్లనే కూడదు. తూము నీటిని లోపలికి లాగుతుంది. అలుగు దూకిన నీరు కింద సుడి తిరిగి, పడిన దానిని బయటకు పోనివ్వక అక్కడే దొర్లిస్తుంది. పైనుంచి చూస్తే అది అందమైన తెల్లని నురగ మాత్రమే. ఎంత ఈతగాడైనా దాని పట్టు విడిపించుకోలేకపోవచ్చు. కొండల వెనుక మబ్బు కమ్మినా, ఉరుము వినబడినా మరుమాట లేకుండా ఒడ్డుకు రావాలి.

ప్రమాదమే జరిగితే

పడవ బోర్లపడితే దాన్ని వదలకూడదు. చెక్కయినా ప్లాస్టిక్ అయినా అది తేలుతుంది. దూరాన ఉన్న తల కన్నా, తేలుతున్న పడవ వెతికేవారికి త్వరగా కనబడుతుంది. ‘ఒడ్డు దగ్గరే కదా’ అని ఈదబోయి అలసిపోయేవారు ఎందరో. పారే నీటిలో పడితే కాళ్లు దిగువవైపు పెట్టి వెల్లకిలా తేలాలి, వడిలో నిలబడబోతే కాలు రాళ్ల మధ్య ఇరుక్కుంటుంది.

మునిగేవారు సినిమాలో లాగా కేకలు వేయరు. ఊపిరికే సమయం చాలదు గనుక నిశ్శబ్దంగా మునుగుతారు. కాబట్టి నీటి దగ్గరున్న పిల్లల మీద ఒక పెద్దమనిషి కన్ను ఎల్లవేళలా ఉండాలి. ఆ పనిలో ఉన్నవారి చేతిలో ఫోను ఉండకూడదు. మునిగేవారిని చూసి ఈత రానివారు దూకితే ఒక ఇంట రెండు జనాజాలు లేస్తాయి. కర్ర అందించాలి, తాడు విసరాలి, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను గాని ఖాళీ డబ్బా గాని విసరాలి. దుపట్టాలు ముడివేసినా తాడే. బయటకు తీసిన తరువాత పొట్ట నొక్కడం, తలకిందులుగా పట్టుకొని తిప్పడం మన పల్లెల్లో ఇంకా చూస్తున్నాం. వాటివల్ల విలువైన నిమిషాలు పోతాయి, కక్కు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి ఆడకపోతే వెంటనే నోటి ద్వారా ఊపిరి ఊదాలి, ఛాతీ నడుమ నొక్కాలి, 108కి ఫోను చేయించాలి. ఈ పద్ధతిని ఇంటికొకరు ముందే నేర్చుకొని ఉండాలి. తేరుకున్నట్టు కనబడినవారిని కూడా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఇంత ముందుజాగ్రత్త దైవం మీద నమ్మకం లేకపోవడం కాదా అని కొందరు అనుకోవచ్చు. ఒంటెను కట్టివేసి ఆపై తవక్కుల్ చేయమన్న బోధ మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. లైఫ్ జాకెట్ పట్టీ బిగించడం ఆ కట్టివేయడమే.

నల్లమల కొండల కింద వెలిగొండ ప్రాజెక్టు సొరంగాలున్నాయి. 1996లో శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టు శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీటిని ఈ కరువుసీమకు తేవాలన్నది ఆశయం. మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి ప్రాంతాలలో ఎదురుచూస్తూ ఒక తరం పెద్దదైంది. ఆ నీరు ఇన్షా అల్లాహ్ మన కాలువల్లో పారే రోజున పొలాలు పచ్చబడతాయి, పళ్ల మీద గార తగ్గుతుంది. అదే రోజున మన పిల్లల బడిదారి పక్కన లోతైన కాలువ కూడా పారుతుంది. మన పిల్లలకు ఈత రావలసింది ఆ కాలువలో నీరు వదలకముందే. ఈ వేసవి సెలవుల్లో, పడవ విహారం నెపంతోనైనా సరే, ఇంటికి ఒక పిల్లవాడికి, ఒక అమ్మాయికి ఈత నేర్పించండి.